సుగుణమ్మ వెబ్‌సైట్‌లో దొంగలు పడ్డ ఎండాకాలం

మామిడి కోతలు మొదలయ్యాయంటే కొల్లాపూర్ చుట్టుపక్కల తోటల్లో చిలకల గోలతో పోటీపడి ఫోన్లు మోగుతుంటాయి. అలాంటిది ఆ ఏడు, సరిగ్గా బేనిషాన్ కాయ రంగు తిరిగే రోజుల్లో, సుగుణమ్మ ఫోన్ చప్పబడిపోయింది.

ఎండలు ముదిరాయి, జనం ఊళ్లకు పోయి ఉంటారులే అనుకుందామె. చెట్టు మీది కాయ ఎవరి కోసమూ ఆగదు గనక కోతలు మాత్రం ఆపలేదు. కోసిన కాయను పాకలో వరిగడ్డి పరిచి మాగబెట్టారు. పాక నిండుతోంది గానీ పండ్లు పంపాల్సిన అట్టపెట్టెలు మడత విప్పకుండా మూలన పడి ఉన్నాయి.

ఒకరోజు పొద్దున హైదరాబాద్ నుంచి ఒక పాత గిరాకీ ఫోన్ చేసింది. బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏటా మొదటి పెట్టె ఆమెకే పోయేది.

"ఏందమ్మా సుగుణమ్మా, మామిడిపండ్లు ఇడిసిపెట్టి పేకాట మొదలుపెట్టినవా?"

"అదేంది టీచరమ్మా, గట్లంటరు?"

"మరి నీ తోట పేరు కొట్టి వెతికి నొక్కితే పేకముక్కలు వస్తున్నయి. ఆడు, లచ్చలు గెలువు అంటుంది. మా మనవడు చూసి ఒకటే నవ్వుడు."

సుగుణమ్మ వెంటనే తన ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచింది. తన తోటే. తన పండ్లే. గడ్డి మీద పండ్ల ముందు కూర్చుని, నవ్వమంటే సిగ్గుపడి సగం నవ్విన భర్త యాదయ్య, పక్కన తను. పేకముక్క జాడ ఎక్కడా లేదు.

"నా ఫోన్ల మంచిగనే ఉన్నది టీచరమ్మా. మీరు వేరేది నొక్కినట్టున్నరు."

"నేనేం వేరేది నొక్కలే," అని నొచ్చుకుని ఆమె ఫోన్ పెట్టేసింది.

సుగుణమ్మ మాట కాదన్న గిరాకీ అంతకు ముందు లేదు, గిరాకీ మాటను సుగుణమ్మ కాదన్నదీ లేదు. ఆ పూటంతా ఆమెకు అన్నం సయించలేదు.

ఆ వెబ్‌సైట్ ఆమెకు ఎంతటిదో తెలియాలంటే ఆమె ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పాలి. సుగుణమ్మ తల్లిదండ్రులు గుంపు మేస్త్రీ వెంట ఊరూరు తిరిగిన మట్టిపని మనుషులు. ఆమె పాకడం నేర్చింది ఒక కాలువ గట్టు మీద, నడక నేర్చింది ఇంకెక్కడో ఆనకట్ట కింద అని వాళ్లమ్మ చెప్పేది. బడి ముఖం చూడలేదు. యాదయ్యను చేసుకున్నాక ఇద్దరూ కలిసి పూణె పోయారు. అక్కడ కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లకు ఇటుకలు మోశారు. గోడలు లేచి, కిటికీలు బిగించి, లోపలికి మనుషులు వచ్చే వేళకు వీళ్లు ఇంకో పునాది దగ్గర ఉండేవారు. తాము కట్టిన ఇళ్లలో ఎవరుంటారో ఏనాడూ చూడలేదు.

ఒళ్లు సహకరించని రోజు వచ్చాక కొల్లాపూర్ తిరిగొచ్చి ఒక ఆసామి మామిడితోటకు కావలి కుదిరారు. యాదయ్య కోతుల వెనక పరిగెత్తేవాడు, సుగుణమ్మ డబ్బా కొట్టి చిలకలను తోలేది. ఏళ్లు గడిచాయి. ఆసామి పిల్లలకు తోట మీద మక్కువ లేకపోయింది. అదే తోటను వీళ్లు గుత్తకు పట్టారు. ఆ రోజుల్లోనే చర్చిలో పాస్టరు దగ్గర కూర్చుని సుగుణమ్మ అక్షరాలు నేర్చుకుంది. ముందు బైబిలు, తర్వాత బస్సు బోర్డులు, ఆ తర్వాత ఫోను.

కరోనా ఏడు మార్కెట్లు మూతపడ్డాయి. కాయ చెట్టు కిందే కుళ్లుతుంటే చూడలేక యాదయ్య తోటలోకి పోవడమే మానేశాడు. అప్పుడు పండ్ల కోసం వచ్చిన శివ అనే నాగర్‌కర్నూల్ కుర్రవాడు, హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం, లాక్‌డౌన్‌కు ఇల్లు చేరినవాడు, ఆ పాకలోనే కూర్చుని వెబ్‌సైట్ చేసిచ్చాడు. "ఫోటోలు తియ్యనీ అమ్మా, మీ పండ్లు లోకమంత చూస్తది," అన్నాడు. సుగుణమ్మ నమ్మలేదు. కానీ వారం తిరక్కుండానే ఆర్డర్లు రావడం మొదలైంది. ఒకటి పూణె నుంచి. అడ్రసు చదువుతూ చదువుతూ ఆమె ఆగిపోయింది. తను ఇటుకలు మోసిన పేట అది. ఆ గోడల వెనక ఎవరో ఉన్నారు, వాళ్లకొక పేరుంది, వాళ్లకు తన పండు కావాలి. ఆ పెట్టెను ఆమె తన చేత్తోనే కట్టింది, ఎవరినీ ముట్టనీయలేదు.

తర్వాత శివ వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి పోయాడు. నంబరు మారింది. బోరు వేస్తే నీళ్లు వచ్చినట్టు ఒకసారి చేసిన వెబ్‌సైట్ అలా నడుస్తూనే ఉంటుందని అందరూ అనుకున్నారు. అది నడిచింది కూడా. ఈ ఎండాకాలం దాకా.

టీచరమ్మ ఫోన్ తర్వాత అలాంటివే ఇంకొన్ని వచ్చాయి. ఒకాయన నవ్వాడు, ఒకాయన తిట్టాడు. కొందరు పేకముక్కలు అన్నారు, కొందరు ఇంకేదో లాటరీ అన్నారు. సుగుణమ్మ ఎన్నిసార్లు తెరిచి చూసినా తన ఫోన్‌లో పండ్లే కనిపించాయి. యాదయ్య ఫోన్‌లోనూ అంతే. పాకలో పండ్లు సర్దే పెంటమ్మ గొంతు తగ్గించి, "ఎవడో కన్ను పెట్టిండు వదినా. నీకు కనబడకుండ చేసిండు సూడు," అంది. సుగుణమ్మ అలాంటివి నమ్మే మనిషి కాదు. అయినా ఆ మాట గుండెలో ఎక్కడో ముల్లులా దిగింది.

ఇక ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్‌లోనే మారింది. వెబ్‌సైట్ తెరిస్తే స్క్రీన్ అంతా ఎర్రగా అయింది. ఈ సైట్ ప్రమాదకరం, ముందుకు పోవద్దు అని ఉంది. సుగుణమ్మ ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివింది. ఇంకోసారి చదివింది.

"నన్నే అంటుందా?" అంది యాదయ్యతో. "నేను ప్రమాదమట. నా పండు తింటే ఏమైతదట?"

యాదయ్య ఫోన్ తీసుకుని చూసి బోర్లా పెట్టాడు.

మరునాడు ఒక ఆడపిల్ల ఫోన్ చేసింది. పేరు మానస అని, నాగర్‌కర్నూల్ నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది. వాళ్లమ్మకు ఏటా ఈ తోట పండ్లే తెప్పిస్తుందట. "పెద్దమ్మా, మీ వెబ్‌సైట్ల దొంగలు పడ్డరు. నేను అదే పని చేస్త, కంపెనీల వెబ్‌సైట్లకు కావలి ఉండే పని. నేను బాగుచేసిస్త."

సుగుణమ్మ జాగ్రత్తపడింది. ఇలాంటి ఫోన్ల గురించి బ్యాంకువాళ్లు చెప్పారు, పోలీసులు చెప్పారు, చర్చిలో పాస్టరు కూడా చెప్పాడు.

"నాకేం వద్దు బిడ్డా. నా పాస్‌వర్డ్ నీకు చెప్ప."

అవతల ఆ పిల్ల గట్టిగా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, నిజంగా సంతోషపడ్డ నవ్వు.

"చెప్పకుండ్రి పెద్దమ్మా. ఎవ్వరు అడిగినా చెప్పకుండ్రి. నన్ను అస్సలు నమ్మకుండ్రి. ఆదివారం మా అమ్మను తీసుకొని మీ తోటకే వస్త. పాస్‌వర్డ్ మీ చేతులతోటే మీరు కొట్టుండ్రి, నేను అటు తిరిగి కూర్చుంట. సరేనా?"

 నమ్మొద్దని చెప్పి నమ్మకం కలిగించిన మనిషిని సుగుణమ్మ చూడడం అదే మొదటిసారి, అది కూడా ఇంకా చూడకుండానే.

ఆదివారం చర్చి ముగించుకుని వచ్చేసరికి మానస, వాళ్లమ్మ పాక ముందు వేపచెట్టు నీడన కూర్చుని ఉన్నారు. మానసకు పాతికేళ్లు దాటి ఉంటాయి. ఎండకు కందిన ముఖం, భుజాన సంచి. అందులో నుంచి ల్యాప్‌టాప్ తీసి పండ్ల పెట్టె బోర్లించి దాని మీద పెట్టింది. సుగుణమ్మ, యాదయ్య చెరో పక్క చేరారు.

"ముందు మీకు ఒకటి చూపిస్త. భయపడకుండ్రి. ఆ ఎర్ర బోర్డు అడ్డం రాకుండ దాటిపోయేటట్టు నా ల్యాప్‌టాప్‌ల పెట్టిన." మానస సైట్ పేరు నేరుగా కొట్టింది. మామిడిపండ్లు వచ్చాయి. "ఇది మీరు చూసేది. ఇప్పుడు కొత్త గిరాకీ వచ్చినట్టు వెతికి వస్త." అదే పేరు, అదే తోట, ఈసారి వెతుకులాటలో నుంచి నొక్కింది. మామిడిపండ్లు ఒక్క క్షణం మెరిసి మాయమయ్యాయి. పేకముక్కలు గిరగిర తిరిగాయి.

యాదయ్య అప్రయత్నంగా వెనక్కి జరిగాడు.

"అదే తలుపు," అంది సుగుణమ్మ మెల్లగా. "మేం పోతే మా ఇల్లు. పరాయోళ్లు పోతే వేరే ఇల్లు."

"అవును. ఇంటోళ్లకు కనబడొద్దు కదా. కనబడితే మీరు ఎప్పుడో పట్టుకుందురు. అందుకే ఎవరొస్తున్నరో చూసి, వాళ్లను బట్టి ముఖం మారుస్తది."

సుగుణమ్మకు ముందు భయం వేసింది. ఆ తర్వాత, తనకే ఆశ్చర్యమనిపించేలా, ఒక రకమైన అబ్బురం కలిగింది. ఎవరో ఎక్కడో కూర్చుని ఇంత నేర్పుగా ఆలోచించారు. తన గడ్డిపాక మీద, తన మామిడిపండు మీద.

ఆమె పాస్‌వర్డ్ కొడుతుంటే మానస నిజంగానే అటు తిరిగి చెట్టు మీది ఉడతను చూస్తూ కూర్చుంది. లోపలికి పోయాక ఈ వెబ్‌సైట్‌ను నడిపే హక్కు ఎవరెవరికి ఉందో చూపే చోటు తెరిచింది. ఒకటి శివ పేరు. ఒకటి సుగుణమ్మ పేరు. వాటి కింద ఇంకొకటి ఉంది. ఏ భాషదో తెలియని, అర్థంలేని అక్షరాల పేరు.

"ఇదెవరు పెద్దమ్మా?"

"నాకు తెల్వదు బిడ్డా."

నలుగురూ ఆ పేరు వంక చూశారు.  తను ఆర్డర్లు చూసుకున్న ప్రతిసారీ, పండ్ల ఫోటో మార్చిన ప్రతిసారీ, ఆ పేరు అక్కడే ఉంది. తనకున్న హక్కే దానికీ ఉంది. సుగుణమ్మ పైట భుజం మీదికి లాక్కుంది.

మానస పని మొదలుపెట్టింది. ముందు వెబ్‌సైట్‌ను ఆపేసి, బాగుచేస్తున్నామని, పండ్లు కావాలంటే ఫోన్ చేయమని ఒక్క పేజీ పెట్టింది. పాడైనదంతా తీసి పక్కన దాచింది. అదే సాఫ్ట్‌వేర్ మంచి నకలును కొత్తగా తెచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ ఏం చొప్పించారో వెతికింది. ఆ అనామకుడిని తీసేసింది. ఇక పనిలో లేడు గనక శివ పేరునూ తీసేసింది. పనిచేస్తూనే మాట్లాడింది, వాళ్లమ్మ మధ్యలో మజ్జిగ తాగించింది. ఎండ చెట్టు ఇటు పక్క నుంచి అటు పక్కకు పోయింది.

"దొరికింది," అంది చివరికి. "గిరాకీలు పేరు, అడ్రసు రాసి పంపే ఫారం ఉంది చూడుండ్రి, దాన్ని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్. అది పాతబడ్డది. దాంట్లో సందు ఉంది. ఆ సందుల నుంచి వచ్చిన్రు."

"ఎవడు బిడ్డా? ఈ ఊరోడా? మా మీద ఏం పగ?"

మానస కొత్తగా పెట్టిన కావలి సాఫ్ట్‌వేర్ తెరిచింది. "ఇప్పుడు ఈ నిమిషంల మీ తలుపు కాడ ఎవరున్నరో చూస్తరా?"

తెర మీద వరసలు కదిలాయి. ఒకటి వచ్చింది, దాని కింద ఇంకొకటి. ఆగడం లేదు. చీమలబారులా వస్తూనే ఉన్నాయి. మానస వాటి పక్కనున్న దేశాల పేర్లు చదివింది. బ్రెజిల్. వియత్నాం. పోలెండ్. మళ్లీ బ్రెజిల్. టర్కీ. ఒక్కో వరసా తలుపు మీద ఒక్కో తట్టు అని చెప్పింది. పాస్‌వర్డ్ ఇదేనా, పోనీ ఇదేనా, పాత సందు ఇంకా ఉందా అని అడుగుతున్నాయట.

"ఇంతమంది మనుషులా!"

"మనుషులు కారు పెద్దమ్మా. యంత్రాలు. వాటికి మీ పేరు తెల్వదు, మామిడిపండు అంటే ఏందో తెల్వదు. లోకంల ఎన్ని వెబ్‌సైట్లు ఉన్నయో అన్నింటి తలుపులు తట్టుకుంట పోతుంటయి. దేనికి గడియ లేకపోతే దాంట్లకు దూరుతయి. పగ లేదు, ఏం లేదు. ఈ వియత్నాందు దొంగ గూడ కాకపోవచ్చు. ఎవరిదో ఇంటి ముందటి కెమెరా కావచ్చు. దొంగలు దాన్ని పట్టుకొని దానితోటి తట్టిస్తున్నరు. ఆ ఇంటోళ్లకు తెల్వనే తెల్వదు."

సుగుణమ్మ చప్పున తలెత్తింది. "అంటే నా దానితోటి గూడ..."

"తట్టించిండొచ్చు."

సుగుణమ్మ లేచి రెండడుగులు వేసి తోట వైపు తిరిగి నిలబడింది. చెట్ల కింద ఎండ మచ్చలు మచ్చలుగా పడి ఉంది. ఆకు కదలడం లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉన్న చోట, ఈ పాక మీద, ఈ క్షణాన, సముద్రాలకు అవతల నుంచి తట్లు పడుతున్నాయి. ఇన్నేళ్లుగా పడుతూనే ఉన్నాయి. తను పండ్లు సర్దుతున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ, ప్రార్థన చేస్తున్నప్పుడూ. లోకం ఇంత దగ్గరగా ఉందని ఆమెకు తెలియదు. కాలువ గట్టు మీద పాకిన పిల్ల ఇంటి తలుపు దాకా లోకమంతా వచ్చి నిలబడింది.

తిరిగి వచ్చి కూర్చుని, "మరి ఆ సందు మూసేదెట్ల?" అని అడిగింది.

"మూసేసిన. నేను కాదు, ఒకాయన ఎప్పుడో మూసి పెట్టిండు. మనం నొక్కుడే ఆలస్యం."

"ఎవరాయన?"

మానస ఇంకో పేజీ తెరిచింది. నిరుడే ఒక మనిషి ఈ సందును కనిపెట్టాడట. లిథువేనియా అనే దేశంలో ఉంటాడు. దొంగలకు తెలిసేలోగా ఆ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు చెప్పి, వాళ్లతో కూర్చుని మరమ్మతు రాసి, లోకం మొత్తానికి ఇచ్చేశాడు. అప్‌డేట్ అనే మీట నొక్కితే చాలు, అది దానంతటదే వచ్చి సందు మూస్తుంది. శివ వెళ్లిపోయాక ఆ మీట నొక్కినవాళ్లు లేరు.

"దీనికి ఆయనకు జీతం ఇస్తరా?"

"లేదు. ఇష్టంకొద్ది చేసిండు. గిట్ల చేసేటోళ్లు ఇంక మస్తుమంది ఉన్నరు. మీ సైట్ పేరు ముందట తాళం బొమ్మ ఉంటది చూడుండ్రి, అది గూడ ఎవరో ఊరికే ఇస్తున్నదే. ఇప్పుడు మీ తలుపు కాడ నేను పెట్టిన కావలి గూడ అంతే."

 దొంగలు ఉన్నారంటే ఆమెకు వింత లేదు, కావలి కాసిన మనిషి, దొంగల్ని చూసింది. ఇది వేరు. తన పేరు తెలియని మనిషి, తన తోట ఉందని తెలియని మనిషి, తనకు ఆపద రాకముందే మందు చేసి తలుపు దగ్గర పెట్టి పోయాడు. నెలల తరబడి అది అక్కడే ఉంది. తను చూడలేదు.

"దేవా," అంది ఊపిరి కింద. యాదయ్య తల మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, చర్చిలో కూర్చున్నట్టు.

పొద్దు వాలుతుండగా మానస అసలు కష్టమైన మాట చెప్పింది. పైసల వివరాలు ఈ వెబ్‌సైట్‌లో దాచలేదు గనక వాటికి భయం లేదు. కానీ గిరాకీల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు దొంగలు చూసి ఉండవచ్చు. "వాళ్లకు చెప్పాలె పెద్దమ్మా. పెద్ద పెద్ద కంపెనీలు గూడ చెప్పనీకి ఎనకాడుతయి. కానీ చెప్పాలె."

యాదయ్య అడ్డం పడ్డాడు. "చెప్తే ఇంకెవడన్న కొంటడా? పాకల పండు మాగుతుంది. మనమే పోయి మా ఇల్లు దోచుకపోయిన్రు, మీ సంగతులు గూడ పోయినయి అని చెప్పుకుంటమా?"

"వాళ్లు నన్ను చూసి పేరు రాసిన్రు," అంది సుగుణమ్మ. "నన్ను చూసి."

మరునాటి నుంచి ఆమె ఫోన్ పట్టుకుని పాకలో కూర్చుంది. పెద్ద మాటలేమీ నేర్చుకోలేదు. ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పింది. "నేను కొల్లాపూర్ మామిడితోట సుగుణమ్మను. మా వెబ్‌సైట్ల దొంగలు పడ్డరు. మా తప్పే, తాళం చూసుకోలే. మీ పేరు, మీ నంబరు వాళ్లు చూసిండొచ్చు. నా పేరు చెప్పి ఎవడన్న పైసలు పంపమంటే పంపకుండ్రి. లింకు పంపితే నొక్కకుండ్రి. నా గొంతు విన్నరు కదా, ఇదే నా గొంతు."

ఒకాయన, నిన్ను నమ్మి ఇచ్చినందుకు బుద్ధొచ్చింది అని విసురుగా పెట్టేశాడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి, కొంగుతో తుడుచుకుని తర్వాతి నంబరు నొక్కింది. కొందరు ఎత్తలేదు. కొందరు ఊఁ అన్నారు. పూణె ఆయనకు తెలుగు అంతగా రాదు, సుగుణమ్మ ఇటుకలు మోసిన నాటి మరాఠీ కొంత, హిందీ కొంత కలిపి చెప్పింది.  ఆయన అంతా విని, ఇన్నేళ్లలో ఎన్నో కంపెనీలకు నా నంబరు ఇచ్చాను, పోగొట్టామని ఫోన్ చేసి చెప్పింది మీరొక్కరే అన్నాడు. ఈ ఏడు పండ్లు ఉన్నాయా అని అడిగాడు. తనకే కాదు, ఆ అపార్టుమెంట్‌లో వాళ్లందరికీ అడిగి చెబుతానన్నాడు.

టీచరమ్మకు ఫోన్ చేసినప్పుడు సుగుణమ్మ ముందు క్షమించమంది. "మీరు నిజమే చెప్పిన్రు. నేను మిమ్మల్ని వేరేది నొక్కిన్రంటిని."

"పోనీలే సుగుణమ్మా. నాకు ఎప్పుడు పంపుతవో చెప్పు," అంది టీచరమ్మ.

పాకలో కొంత పండు మెత్తబడి పనికిరాకుండా పోయింది. కొంత వచ్చిన ధరకు బండివాళ్లకు పోయింది. కానీ మిగిలిందంతా ఫోన్ల మీదే కదిలింది. మూలన పడి ఉన్న అట్టపెట్టెలు విప్పడానికి పెంటమ్మ ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చింది. బాగైన వెబ్‌సైట్‌ను మళ్లీ చూసి ఎర్ర బోర్డు తీసేయమని మానస వెతుకులాట కంపెనీకి రాసింది. కొన్నాళ్లకు ఆ బోర్డు పోయింది. సుగుణమ్మ తన ఫోన్‌లో సైట్ తెరిచి, యాదయ్య ఫోన్‌లో తెరిచి, పెంటమ్మ ఫోన్‌లో వెతికించి మరీ తెరిపించింది. మూడింటిలోనూ మామిడిపండ్లే.

మానస పోయేముందు కొన్ని పనులు ఆమెకే అప్పగించింది. సోమవారం పొద్దున టీ తాగుతూ అప్‌డేట్ మీట నొక్కడం ఇప్పుడు సుగుణమ్మ అలవాటు. వెబ్‌సైట్ నకలు ఒకటి రోజూ దానంతటదే వేరే చోట దాగుతుంది. పాస్‌వర్డ్ ఆమె సొంతంగా అల్లుకున్నది, యాదయ్యకు కూడా తెలియదు. పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, లోపలికి పోవాలంటే ఫోన్ కూడా ఒప్పుకోవాలి.

ఒకరోజు తోటలో చిక్కంతో కాయ దింపుతుంటే ఫోన్ గుర్రుమంది. ఎవరో మీ వెబ్‌సైట్‌లోకి వస్తున్నారు, అది మీరేనా అని అడిగింది. కింద అవును, కాదు అని రెండు గడులు. చెట్టు కింద నిలబడి సుగుణమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. సముద్రాల అవతలి నుంచి ఎవరో తట్టారు, ఆమెను అడగకుండా లోపలికి రాలేక ఆగారు. ఆమె జిగురంటిన వేలు చీరకు తుడుచుకుని, కాదు అన్న గడి మీద గట్టిగా నొక్కింది. తట్టినవాడు పోయాడు. ఆమె మళ్లీ చిక్కం అందుకుని పై కొమ్మ వైపు చూసింది.  

లిథువేనియా మనిషికి పండ్లు పంపుదామని సుగుణమ్మ పట్టుబట్టింది. అంత దూరం పండు ఆగదని మానస నచ్చజెప్పి, ఆమె చెప్పిన మాటలను ఇంగ్లీషులో రాసి, కోతల వీడియో కలిపి పంపింది. చాలా రోజులు జవాబు లేదు. తర్వాత వచ్చింది. మానస ఫోన్‌లో చదివి వినిపించింది. ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు ఈ పని చేస్తాడట. ఎన్నో సందులు కనిపెట్టాడట గానీ అవతల ఎవరుంటారో ఏనాడూ చూడలేదట. సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతు చేస్తున్నాననుకున్నాను, దాని వెనక చెట్లున్నాయని తెలియదు అని రాశాడు. వీడియోను వాళ్లమ్మకు చూపించాడట.

సుగుణమ్మ అంతా వింది. ఇంకోసారి చదవమంది. తాము కట్టిన ఇళ్లలో ఎవరుంటారో చూడని రోజులు ఆమెకు బాగా తెలుసు.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అవసరతలు చెప్పే వేళ సుగుణమ్మ లేచి నిలబడింది. ఒక మనిషి కోసం ప్రార్థన చేయాలంది.

"పేరేంది అక్కా?" అన్నాడు పాస్టరు.

"పలుకరాదు అయ్యగారు. దేశం పేరుకు గూడ నోరు తిరుగుత లేదు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. పాస్టరు కూడా నవ్వాడు. "మరి ఏమని ప్రార్థన చేద్దాం?"

సుగుణమ్మ ఆలోచించింది. "మాకు తెల్వకుండ మాకు మేలు చేసిన బిడ్డ అనుండ్రి. వాళ్లమ్మ గూడ ఉన్నదట, ఆమెను గూడ కలుపుండ్రి."

పాస్టరు కళ్లు మూసుకుని అలాగే అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.